పేట మాట – 23: గొంతు కావాలి, మనిషి వద్దు

“కళకు కులం లేదు.”

ఈ మాట చెప్పేవాళ్ళని ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. చెప్పేది ఎప్పుడూ ముందు వరస కుర్చీలో కూర్చున్నాయనే. మేకప్ పాకలో చాప మీద కూర్చున్నవాడి నోట ఈ మాట నేను ఇంతవరకు వినలేదు.

ఈ భాగం నాటకాల గురించి. మన ఊళ్ళలో అమ్మవారి సంబరాలకీ, తీర్థాలకీ, శ్రీరామనవమి పందిళ్ళలోనూ తెల్లవార్లూ ఆడే పద్యనాటకాల గురించి. “ఉన్న గొడవలు చాలవా, నాటకాల మీద పడ్డావు” అని కొందరు మిత్రులే అంటున్నారు. భూమి గురించి రాస్తే వాళ్ళకి ఇంత విసుగు రాలేదు. ఎందుకంటే భూమి సంగతి సర్కారు మీదికి నెట్టెయ్యొచ్చు. నాటకం అలా కాదు. తాము మంచివాళ్ళమని ఊరు తనకు తాను చెప్పుకునే చోటు అది. అక్కడ వేలు పెడితే నొప్పి తగులుతుంది.

నాది అన్నవరం. స్టేషన్ దగ్గర ఆటో తోలతాను. రైలు దిగిన యాత్రికుల్ని రత్నగిరి ఎక్కించడం, దింపడం పగటి పని. రాత్రిళ్ళు నాటకం. దీనివల్ల నాకు మిగిలింది పైసా లేదు. పోయింది ఎంతో తెలుసుకోవాలంటే మా ఆవిడని అడగండి, లెక్క నోటికి వచ్చు.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. నాటకం మాకు ఊరు దానం చేసింది కాదు. కెనడియన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు 1874లో కాకినాడ వచ్చారు. ఆ తర్వాత తుని, పిఠాపురం దాకా బడులూ చర్చీలూ పెట్టారు. ఆ చర్చీల్లో క్రిస్మస్ రాత్రి నాటిక వెయ్యడం మా పేటల్లో తాతల నాటి నుంచి ఉంది. నా మొదటి వేషం హేరోదు రాజు దగ్గర భటుడు. అట్టముక్కకి సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం అంటించి కత్తి చేసుకున్నాం. రెండో వేషం ఏప్రిల్ 14న. చెరువులో నీళ్ళు తాగబోతే కొట్టించుకునే కుర్రాడు. మా పేటల్లో నటుడన్నవాడు ఈ రెండు రాత్రుల్లోంచి పుట్టినవాడే. మాట పలకడం, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం, జనాన్ని చూసి బెదరకపోవడం మేం అక్కడే నేర్చుకున్నాం. ఊరి స్టేజీ ఎక్కేసరికి మాకు నటన వచ్చు. అక్కడ మాకు నేర్పింది ఒకటే, ఏ వేషం మనది కాదో.

ఎలా నేర్పారో చెబుతాను.

బయటివాళ్ళకి తెలియని సంగతి ఏమిటంటే, ఔత్సాహిక నాటకంలో నటుడికి డబ్బు ఇవ్వరు. నటుడే డబ్బు కట్టాలి. హార్మోనియం మేష్టారికి, తబలా ఆయనకి, డ్రస్సుల వాళ్ళకి, మైకు సెట్టుకి, తెరలకి, చంద్రమతి కట్టే లేడీ ఆర్టిస్టుకి డబ్బు కావాలి. కమిటీ ఇచ్చేది చాలదు. మిగతాది వేషాలు కట్టేవాళ్ళు పంచుకుంటారు. ఎవడు ఎక్కువ వేస్తే వాడికి పెద్ద వేషం. ‘హరిశ్చంద్ర’ ఆడితే ఒకే రాత్రిలో ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు మారతారు. కళ కోసం మారతారనుకునేరు. చందా కట్టినవాళ్ళు అంతమంది ఉంటారు కాబట్టి మారతారు. ధాన్యం కమీషన్ షాపాయన మొదటి హరిశ్చంద్రుడు. రొయ్యల చెరువులాయన రెండో హరిశ్చంద్రుడు. శ్రుతి ఒకరిది తూర్పు, ఒకరిది పడమర. మేష్టారు మధ్యలో హార్మోనియం పట్టుకుని దేవుడా అనుకుంటూ ఉంటాడు.

నా దగ్గరికొచ్చేసరికి కమిటీ ఆయన దయగా చెప్పేవాడు. “నీ దగ్గర చందా వద్దులేరా అబ్బాయ్. వీరబాహుడు వెయ్యి.”

వీరబాహుడంటే కాటికాపరి. హరిశ్చంద్ర మహారాజుని కొనుక్కునే చండాలుడు. ఊరూరా ఈ వేషం ఎవరికి వెళ్తుందో మీరే చూసుకోండి. నేను పద్నాలుగేళ్ళు వేశాను. మొదటిసారి మేకప్ ఆయన నా మొహానికి మసి పూశాడు. “నేను ఉన్న రంగు చాలదా అండీ” అంటే నవ్వాడు. తూలుతూ రావాలి, కల్లు ముంత పట్టుకోవాలి, మాట ముద్దముద్దగా పలకాలి. ఇదంతా పుస్తకం చూసి నాకు చెప్పలేదు. “జనం నవ్వాలి కదా” అని చెప్పారు. అమెరికాలో ఒకప్పుడు తెల్లవాళ్ళు మొహాలకి నల్లరంగు పూసుకుని నల్లవాళ్ళని వెక్కిరిస్తూ ఊరూరా ఆటలాడేవారు. తర్వాత అదే ఆటలో నల్లవాళ్ళే పొట్టకూటికి తమ మొహాలకి మళ్ళీ నల్లరంగు పూసుకున్నారు. మసి పూసిన రోజు నాకు ఆ సంగతి తెలియదు. తెలిశాక పెద్ద ఆశ్చర్యం అనిపించలేదు.

ఇప్పుడు కథలోకి రండి. సత్యం కోసం నిలబడ్డ రాజు కథ అంటారు. ఆ సత్యవంతుడి దగ్గరికి విశ్వామిత్రుడు మాతంగ కన్యల్ని పంపుతాడు. పెళ్ళాడమంటే రాజు ఒప్పుకోడు, కులం కారణం. రాజ్యం ఇస్తాడు కానీ మాతంగ పిల్లని చేసుకోడు. అక్కడి నుంచే కష్టాలు ముదురుతాయి. రాజ్యం పోతుంది. భార్యని అమ్ముతాడు. అన్నిటికన్నా ఘోరంగా, ప్రేక్షకులు కళ్ళు తుడుచుకునేలా, చండాలుడి దగ్గర పనికి కుదురుతాడు. ఒక్కసారి ఆలోచించండి. భార్యని అమ్ముకోవడం కన్నా మా దగ్గర కూలి చెయ్యడం పెద్ద పతనం ఎలా అయింది? మా తాతలు పుట్టుకతో చేసిన పని ఒక రాజుకి దేవతలు పెట్టిన పరీక్ష. రాజుకి పరీక్ష తెల్లారేసరికి అయిపోతుంది. దేవతలు దిగి వస్తారు, రాజ్యం తిరిగి ఇస్తారు. మా తాతలకి ఏ దేవతా దిగి రాలేదు. కాటిలో శవాలు వస్తూనే ఉన్నాయి.

ఇంకో తమాషా ఉంది. పురాణం చివర తేలేదేమిటంటే ఆ చండాలుడు కూడా చండాలుడు కాడు. మార్కండేయ పురాణంలో ధర్ముడే ఆ రూపంలో వచ్చాడని చెబుతారు. కథ మొత్తానికి మావాడు ఒక్కడుంటే, వాణ్ణి కూడా చివరికి మాకు మిగల్చలేదు.

అయినా వీరబాహుడు నాకు ఇష్టమే. ఆ కథలో లెక్క ప్రకారం డబ్బిచ్చి, లెక్క ప్రకారం పని తీసుకునేవాడు అతనొక్కడే. కాటి సుంకం ఎవరికైనా ఒకటే అంటాడు. రాజు శవానికీ రైతు శవానికీ తేడా చూపడు. నేను తూలడం మానేశాను. ముంత పక్కన పెట్టాను. నిటారుగా నిలబడి, మెల్లగా, యజమాని మాట్లాడినట్టు మాట్లాడాను. జనం నవ్వలేదు, శ్రద్ధగా విన్నారు. నాటకం అయ్యాక కమిటీ ఆయన, “ఈసారి నీ వేషం పేలలేదురా” అన్నాడు.

చదివింపులు గుర్తున్నాయా? నాటకం మధ్యలో ఆపి మైకులో చదువుతారు. “శ్రీ ఫలానా గారి గానానికి ముగ్ధులై ఫలానా వారు 1116 రూపాయలు...” అని. పద్నాలుగేళ్ళలో నా పేరు మైకులో వినపడింది తక్కువ. “మన వీరబాహుడికి యాభై రూపాయలు” అని వినపడింది ఎక్కువ. శ్రీ లేదు, గారు లేదు, అమ్మానాన్న పెట్టిన పేరు లేదు.

సరే, వేషాల సంగతి వదిలేద్దాం. అసలు గొంతు సంగతి చూద్దాం.

నాలుగేళ్ళ కిందట మెట్టలో ఒక ఊరి సంబరం. ఊరి పేరు రాయను, రాసినా లాభం లేదు, ఏ ఊరైనా అదే. కాటిసీను హరిశ్చంద్రుడు కట్టాల్సినాయనకి ఆ సాయంత్రం గొంతు పట్టేసింది. మిరియాల పాలు, వేడినీళ్ళు అన్నీ అయ్యాయి. పెగల్లేదు. హార్మోనియం మేష్టారు నన్ను చూపించారు. “ఈ అబ్బాయికి కాటిసీను పద్యాలన్నీ వచ్చు. రెండేళ్ళుగా నా దగ్గరే నేర్చుకుంటున్నాడు. శ్రుతి తప్పడు.” కమిటీ వాళ్ళు పక్కకెళ్ళి పావుగంట మాట్లాడుకున్నారు. ఒకాయన వచ్చాడు.

“చూడబ్బాయ్, పద్యాలు నువ్వే పాడు. తెర వెనక మైకు పెట్టిస్తాం. ముందు మావాడు నిలబడి పెదాలు కదుపుతాడు. ఇక్కడ నిన్ను ఎరగనివాళ్ళెవరు చెప్పు? రాజు వేషం కదా, బాగుండదు.”

“కాటికాపరి దగ్గర కూలికి చేరాక వచ్చే సీను కదండీ. అప్పటికి ఆయన రాజు కాదు కదా” అన్నాను.

“వాదనలొద్దు. పాడతావా, లేదా?”

“ముందు నిలబడి పాడతానండి. వెనక నుంచి పాడను.”

ఆ రాత్రి కాటిసీను లేకుండానే నాటకం ముగించారు. “కళాకారునికి అస్వస్థత” అని మైకులో చెప్పారు. కాటిసీను కోసం పక్క ఊళ్ళ నుంచి వచ్చిన ముసలాళ్ళు కమిటీని తిట్టుకుంటూ దుప్పట్లు దులుపుకుని వెళ్ళారు. మేష్టారు నాతో ఏమీ అనలేదు. బస్సు టికెట్ మాత్రం ఆయనే తీశారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ సీనులో జనం వన్స్‌మోర్ అని అరిచే పద్యాలు ఎవరివి? నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ కాటిసీనులో ఊళ్ళకు ఊళ్ళే కంఠతా పట్టిన పద్యాలు గుర్రం జాషువావి. ‘శ్మశానవాటి’ అనే ఖండికలోవి. నటులు వాటిని తెచ్చి ఈ సీనులో పాడారు, అక్కడే స్థిరపడిపోయాయి. 1895లో వినుకొండలో, మాదిగ తల్లి కడుపున పుట్టినవాడు జాషువా. తనకి గుళ్ళోకి ప్రవేశం లేదు కాబట్టి గబ్బిలంతో శివుడికి కబురు పంపే మనిషి కథ 1941లో రాసినవాడు. ఆయన పద్యం రాజు నోట్లో కూర్చుంది. ఆయన కులం మనిషి మాత్రం ఆ రాజు కిరీటం పెట్టుకోకూడదు.

ఈ గోదావరి ఒడ్డుకీ జాషువాకీ ఇంకో ముడి ఉంది. 1915–16ల్లో ఆయన రాజమండ్రిలో సినిమా వాచకుడిగా పనిచేశారు. అప్పటికి సినిమాలకి మాట రాలేదు. తెర మీద బొమ్మలు ఆడుతుంటే, కథా సంభాషణలూ ఒక మనిషి చదవాలి. ఆ మనిషి జాషువా. బొమ్మ ఎవరిదో, గొంతు ఆయనది. నూరేళ్ళ తర్వాత నన్ను తెర వెనక నిలబడమన్నప్పుడు కమిటీ వాళ్ళకి ఇదంతా తెలిసి ఉండదు. తెలియకపోయినా పద్ధతి అదే. గొంతు కావాలి, మనిషి వద్దు.

“మరి దళితులు హరిశ్చంద్రుడు, కృష్ణుడు వేసి పేరు తెచ్చుకోలేదా?” అంటారు. తెచ్చుకున్నారు. కాంట్రాక్టు నాటకాల్లో, దూరం ఊళ్ళలో, గొంతు తప్ప ఇల్లు తెలియని చోట తెచ్చుకున్నారు. మన సొంత ఊళ్ళో నాటకం వేరు. ఇక్కడ రాజు కిరీటం కింద ఎవరి కొడుకున్నాడో మూడేళ్ళ పిల్లాడికి కూడా తెలుసు. నటుడు స్టేజీ ఎక్కినా ఇంటిపేరు దిగదు. అందుకే కులం నాటకంలో అన్నిటికన్నా ఎక్కువగా బతికేది ఔత్సాహిక నాటకంలో. “కళకు కులం లేదు” అని చెప్పాలంటే ముందు ఇక్కడ చెప్పాలి.

నేను ఆటో తోలే దారి చివర, కొండ మీద, రోజూ సత్యదేవుని వ్రతాలు జరుగుతాయి. ఆ కథ ఐదో అధ్యాయంలో తుంగధ్వజుడనే రాజు ఉన్నాడు. అడవిలో గొల్లలు పూజ చేసుకుని ప్రసాదం పెడితే గర్వంతో ముట్టకుండా పోయాడు. కొడుకులూ సంపదా పోయాయి. తిరిగొచ్చి ఆ గొల్లలతో కలిసి పూజ చేసి ప్రసాదం తిన్నాకే దక్కాయి. నేను దేవుణ్ణి ఇందులోకి లాగడం లేదు. కథ విని, అడ్డాకులో ప్రసాదం కళ్ళకద్దుకుని, రాత్రికి ఊరెళ్ళి నాటకం కమిటీలో కూర్చునేవాళ్ళని అడుగుతున్నాను. మీరు విన్న కథలో తప్పు ఎవరిది?

ఇక ‘చింతామణి’ సంగతి. మన కాకినాడ కవి కాళ్ళకూరి నారాయణరావు రాసిన వందేళ్ళ నాటి నాటకం. వేశ్యల ఇళ్ళకి పోయి సంసారాలు గుల్ల చేసుకోవద్దని చెప్పే నాటకం. సుబ్బిశెట్టి పాత్ర తమని అవమానిస్తోందని ఆర్యవైశ్య సంఘాలు అడిగాయి. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. సుబ్బిశెట్టి పేరుతో స్టేజీల మీద బూతు పెరిగిన మాట నిజం. నేను చూశాను. వాళ్ళకి నొప్పి కలిగిందంటే నమ్ముతాను. మొహానికి మసి పూయించుకున్నవాడికి ఆ నొప్పి అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది? కానీ లెక్క చూడండి. ఒక కులానికి నొప్పి కలిగితే జీవో వచ్చింది. మాకు నొప్పి కలిగితే “అది పురాణం, అలా చూడకూడదు” అంటారు.

నిషేధం నాకు వద్దు. ‘హరిశ్చంద్ర’ మీదా వద్దు, ‘చింతామణి’ మీదా వద్దు. చింతామణి ఆగితే దాన్ని నమ్ముకున్న పేద కళాకారుల పొయ్యిలు ఆరాయి. వాళ్ళలో ఆడవాళ్ళున్నారు. ఆ ఆడవాళ్ళలో మన కులాల వాళ్ళున్నారు. రాత్రంతా స్టేజీ మీద నిలబడి, తాగొచ్చినవాడి కూతలు భరించి, తెల్లారి బస్సులో నిద్రపోయేది వాళ్ళే. పైగా నిషేధం అనే కత్తి చివరికి ఎటు తిరుగుతుందో మనకి తెలుసు. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మాభూమి’ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడుతుంటే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కూలివాడు స్టేజీ ఎక్కి భూమి మాట ఎత్తితే సర్కారు ఓర్చుకోలేదు.

ప్రేక్షకుల్లో కూడా అంతే. 1991లో చుండూరులో గొడవ మొదలైంది ఎక్కడ? సినిమా హాల్లో. ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీటు వాడికి తగిలిందని. అది ఎనిమిది మంది దళితుల్ని చంపేదాకా వెళ్ళింది. ఆట చూసే చోట ఎవడు ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న సంగతని నాకు ఎవరూ చెప్పొద్దు.

ఇప్పుడు మనవాళ్ళతో నాలుగు మాటలు.

బోయి భీమన్న 1911లో మామిడికుదురులో పుట్టాడు. మన గోదావరి మనిషి. ‘పాలేరు’ అని నాటకం రాశాడు. పాలేరుగా ఉన్న కుర్రాడు చదువుకుని పైకి రావడం దాని కథ. మన పేటల కుర్రాళ్ళే కట్టి మన పేటల్లోనే ఆడారు. రాజు లేడు, దేవత దిగి రాలేదు, అక్షరం ఒక్కటే దిగింది. అది చూసి కొడుకుల్ని పాలేరుతనం మాన్పించి బడిలో వేసినవాళ్ళు ఉన్నారని మా పెద్దలు చెప్పేవారు. ఆయన ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యానికి 1975లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన పుట్టిన ఊరున్న కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. దళిత మంత్రి ఇల్లు కూడా అందులో ఉంది. పుస్తకం పేరు పాతబడలేదు.

మరి మనం ఏం చేస్తున్నాం? ఏప్రిల్ 14కి డీజే పెడుతున్నాం. ఫ్లెక్సీలు కడుతున్నాం. ఒక్క రాత్రి డీజే ఖర్చుతో ఒక నాటకం లేస్తుంది. బొంబాయి రాష్ట్రంలో బాబాసాహెబ్ ఉద్యమం 1930ల నుంచే జల్సాలు కట్టి, పాటా ఆటాతో వాడలు తిరిగింది. మన రాజమండ్రిలో అంతకుముందే కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనం’ అని ఎలుగెత్తాడు. మన దగ్గర గొంతు లేదని ఎవడంటాడు? పేటలో అంబేద్కర్ భవన్ ఉంటుంది, దానికి తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. రిహార్సల్‌కి ఇంకెక్కడ చోటు కావాలి? ఇంకో మాట, కోపం వచ్చినా సరే. మాలపేట నాటకంలో మాదిగ కుర్రాడికి నాయకుడి వేషం ఇస్తున్నామా? మాదిగపేట క్రిస్మస్ నాటికలో మాల పిల్ల మరియమ్మ వేస్తుందా? ఊరిని అడిగే ప్రశ్న మన పందిట్లో కూడా అడగాలి.

నేను అడిగేవి పెద్దవి కావు.

ఒకటి. కాటిసీను మొదలవ్వకముందు మైకులో జాషువా పేరు చెప్పండి. కరపత్రం మీద వెయ్యండి. చదివింపులకి నాటకం ఆపగలిగినవాళ్ళు ఒక కవి పేరు చెప్పడానికి అర నిమిషం ఆపలేరా?

రెండు. పెద్ద వేషం చందా చూసి ఇవ్వకండి. హార్మోనియం పెట్టి, ఊరందరి ముందు నాలుగు పద్యాలు పాడించి ఇవ్వండి. శ్రుతి తెలిసినవాడికి ఇవ్వండి.

మూడు. వీరబాహుడి మొహం మీద మసి తీసెయ్యండి. తూలుడు తీసెయ్యండి. అవి కవి రాసినవి కావు, మీరు పూసినవి.

నాలుగు. నటుడి పేరుకి ముందు శ్రీ పెడితే అందరికీ పెట్టండి. లేదంటే ఎవరికీ వద్దు.

మా పేట కుర్రాడొకడికి ఈ సంబరానికి వీరబాహుడు వెయ్యమని కబురొచ్చింది. మంచి గొంతు వాడిది. “బాబాయ్, వెయ్యనా వద్దా?” అని అడిగాడు. వెయ్యమన్నాను. మసి వద్దని ముందే చెప్పమన్నాను. చందాలో తన వాటా తాను కట్టమన్నాను, ఊరికే వచ్చిన వేషానికి మాట చెల్లదు. వచ్చే ఏటికి కాటిసీను తనకే కావాలని ఇప్పుడే, కమిటీ అందరి ముందు, మేష్టారు ఉండగా అడగమన్నాను. తెర వెనక పాడమంటే ఇంటికి వచ్చెయ్యమన్నాను.

ఈలోగా ‘పాలేరు’ ప్రతి సంపాదించాం. భవన్ తాళంచెవి కోసం వెతుకుతున్నాం. అన్నవరం, శంఖవరం, తుని చుట్టుపక్కల వేషం కట్టాలనుకునే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, కబురు పెట్టండి. చందా లేదు. కులం అడగం. శ్రుతి మాత్రం చూస్తాం.

జై భీం.